రష్యన్‌లో మా పెద్దమ్మ మెత్తని మనిషి

మా పెద్దమ్మ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. మెట్లు దిగగానే ముఖానికి ఆవిరి కొట్టే పొడవాటి హాలు అది. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క ఆరబెట్టేవి, మధ్యలో దుప్పట్లను మింగి అవతలి వైపు ఇస్త్రీ చేసి వదిలే పెద్ద రోలరు. అన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కనున్న మనిషి చెప్పేది వినిపించదు. పెద్దమ్మ చెప్పేది మాత్రం వినిపిస్తుంది. అదే ఆసుపత్రిలో పైనున్న ఎక్స్‌రే గదిలో పనిచేసే నాకు కూడా వినిపిస్తుంది. "ఊపిరి బిగబట్టండి" అని నేను చెప్పేలోపే, కింది నుంచి వచ్చిన ఆ గొంతు విని రోగులు తమంతట తామే బిగబట్టిన సందర్భాలున్నాయి. ఆసుపత్రిలో ఆవిడని సైరనమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

గొంతు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అందులోంచి ఊడిపడే మాట ఇంకా ఘాటు. ఒకసారి ఆపరేషన్ గది నుంచి వచ్చిన దుప్పట్ల మూటలో కత్తెర దొరికింది. ఇంకొకరైతే ఎవరితోనో పైకి పంపించి ఊరుకుంటారు. పెద్దమ్మ దాన్ని పట్టుకుని మెట్లెక్కి, అందరి ముందూ సర్జనుగారి చేతిలో పెట్టి, "దుప్పట్లో దొరికింది కాబట్టి సరిపోయింది డాక్టరుగారూ" అని వచ్చేసింది. ఆ తర్వాత చాలాకాలం ఆయన లిఫ్టులో ఆవిడ ఎదురైతే తన బూట్లు చూసుకునేవాడు. పనిలో ఇలాంటి నోరు అక్కరకొస్తుంది. తన కింద పనిచేసేవాళ్ళ మీద ఈగ వాలనివ్వదని లాండ్రీలో అందరూ ఆవిడంటే ప్రాణం పెడతారు. చిక్కంతా ఇంట్లో వచ్చింది.

పెద్దమ్మకి ఇద్దరు పిల్లలు. కొడుకు, అంటే మా అన్నయ్య, పెద్దవాడు. అన్నయ్యకి ఆడపిల్ల పుట్టినప్పుడు సాయానికి వదిన వాళ్ళమ్మ వచ్చింది. ఆవిడదీ చిన్న నోరేం కాదు గానీ పెద్దమ్మ ముందు ఎవరి నోరైనా చిన్నదే. పిల్లకి పోసే నీళ్ళ దగ్గర తగువు మొదలైంది. వేడెక్కువని ఒకరు, చాలదని ఒకరు. అంతటితో పోయేదే. కానీ పిల్లని చూడటానికొచ్చిన చుట్టాలు హాలు నిండా కూర్చుని ఉండగా మా పెద్దమ్మ, "కన్నకూతురికి నాలుగు పనులు నేర్పి పంపలేనిదానివి, నా మనవరాలికి నీళ్ళెలా పొయ్యాలో నాకు చెప్తావా?" అనేసింది. వదిన పసిపిల్లని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నది. ఆ సాయంత్రమే తల్లీకూతుళ్ళు పిల్లని తీసుకుని వెళ్ళిపోయారు. అన్నయ్య కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగి, చివరికి ఊరికి ఆ కొసన ఇల్లు తీసుకున్నాడు.

అప్పటి నుంచి అన్నయ్య ఒక్కడే వస్తాడు. కుర్చీ అంచున కూర్చుంటాడు, టీ తాగుతాడు, వెళ్ళిపోతాడు. వదిన రాదు, పిల్ల రాదు. ఎవరైనా ఆ ఊసెత్తితే పెద్దమ్మ "నేనన్నదాంట్లో అబద్ధమేముంది?" అని ఒంటికాలి మీద లేస్తుంది. కానీ లాండ్రీలో పిల్లల వార్డు నుంచి వచ్చే చిన్న దుప్పట్లు మాత్రం ఎవరికీ ఇవ్వదు, తనే మడతపెడుతుంది. ఒకరోజు ఏదో పనిమీద కిందికి వెళ్ళి, ఆవిడ వాటిని మడతపెట్టే తీరు చూశాను. ఇక ఆ విషయంలో ఆవిడతో వేళాకోళం ఆడటం మానేశాను.

తర్వాత పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క పెళ్ళి. బావది రష్యా, ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి మన మాటలు బాగానే నేర్చుకున్నాడు గానీ వాళ్ళమ్మకి రష్యన్ తప్ప ఇంకోటి రాదు. పెళ్ళిలో ఆవిడ కొడుకు చెవిలో ఏదో చెప్పి నవ్వింది. మా పెద్దమ్మకి అనుమానం పట్టుకుంది.

"నన్ను చూసే నవ్విందే ఆవిడ," అంది నాతో.

"నిన్నెందుకు పెద్దమ్మా? చెప్పు కరుస్తోందని చెప్పుకుందేమో."

"ఎదురుగా కూర్చుని తిట్టినా తెలియకపోతే ఎలాగే? తిరిగి ఒక్క మాటైనా అనొద్దూ?"

ఆవిడ రష్యన్ నేర్చుకోవడానికి అసలు కారణం ఇదీ. భాషల మీద ప్రేమా కాదు, వియ్యపురాలి మీద అభిమానమూ కాదు. కయ్యానికి కాలు దువ్వాలంటే ముందు కాలు మోపడానికి కాస్త చోటు కావాలి కదా, అందుకని.

బజారు వీధిలో ఒక డ్రైవింగ్ స్కూలు పైన సాయంత్రం పూట రష్యన్ చెప్తారని ఎవరో చెప్పారు. ఒక్కతే వెళ్ళడానికి మొహమాటపడి నన్ను లాక్కెళ్ళింది. చెప్పే టీచరుగారు సన్నగా, సుద్దముక్కకి చీర కట్టినట్టుంటారు. పూర్వం ఏదో ఫ్యాక్టరీలో రష్యన్ ఇంజనీర్లకి దుబాసీగా చేశారట. మొదటి రోజే పెద్దమ్మని పిలిచి, "మీరెందుకు నేర్చుకుంటున్నారు?" అని అడిగారు.

"మా వియ్యపురాలితో మాట్లాడాలండి."

టీచరుగారి ముఖం విప్పారింది. రష్యన్‌లో కూడా వియ్యపురాలికి విడిగా ఒక మాటుంది, స్వాత్యా అంటారు, చాలా భాషల్లో ఇలాంటి మాటే ఉండదు అని బోర్డు మీద రాసి చూపించారు. పెద్దమ్మ నా వైపు వంగి, "మాటుందంటే అక్కడా తగువులున్నాయన్నమాట," అంది గుసగుసగా. ఆవిడ గుసగుస తరగతి మొత్తానికీ వినిపించింది.

నా చదువు అక్షరాలతోనే ముగిసింది. మన అక్షరాలు గుండ్రంగా బుద్ధిగా కూర్చుంటాయి. అవేమో కొన్ని తలకిందులుగా, కొన్ని అటు తిరిగి, నా మీద అలిగినట్టుండేవి. నేను మానేశాను. పెద్దమ్మ మానలేదు. రోలరు మోతలో ఎవరికీ వినపడదు కదా అని పాఠాలు అక్కడే వల్లెవేసేది. ఆవిడ రష్యన్ క్రియలు అరుస్తుంటే, తమనే తిడుతోందనుకుని ట్రాలీలు తోసేవాళ్ళు వేగం పెంచేవాళ్ళు. ఆ ఏడు లాండ్రీలో పని చాలా చురుగ్గా సాగిందని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

అలా ఒక మెట్టూ రెండో మెట్టూ ఎక్కి, ఆవిడ మధ్య స్థాయికి చేరింది. భాషలో ఈ మధ్య స్థాయి అనేది వింత ప్రదేశం. వంతెన సగం కట్టి వదిలేసినట్టుంటుంది. నగరాల్లో రవాణా సమస్య గురించి పెద్దమ్మ ఆగకుండా చెప్పగలదు, అడవులెందుకు కాపాడుకోవాలో కారణాలతో సహా చెప్పగలదు, హోటలు గదిలో వేడినీళ్ళు రావడం లేదని మర్యాదగా ఫిర్యాదు చెయ్యగలదు. కానీ పొత్తిగుడ్డని ఏమంటారో తెలియదు. గరిటెని ఏమంటారో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్క దెప్పిపొడుపు రాదు. పాఠ్యపుస్తకంలో ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవరు. అందరూ "దయచేసి" అంటారు, "క్షమించండి" అంటారు, "నా అభిప్రాయంలో" అని మొదలుపెడతారు.

అందువల్ల జరిగిందేమిటంటే, రష్యన్‌లో మా పెద్దమ్మ చాలా మెత్తని మనిషి అయిపోయింది.

ఆదివారాలు వియ్యపురాలితో వీడియోలో మాట్లాడేది. ఫోను గోడకి ఆనించి, ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మాట కోసం వెతుక్కోవాలి కాబట్టి గొంతు దానంతటదే తగ్గిపోయేది. "మీ ఆరోగ్యం ఎలా ఉంది? మీ ఊళ్ళో వర్షమా? అది విని నాకు సంతోషంగా ఉంది." బావ పక్కన కూర్చుని నాకు చెప్తుండేవాడు. మా పెద్దమ్మ నోట ఆ మాటలేమిటి, నేను నోరు వెళ్ళబెట్టి చూసేదాన్ని. నోట్లో నాలుక లేని మా పెద్దనాన్న ఆ సమయానికి తప్పకుండా పక్క గదిలోంచి వచ్చి కూర్చునేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఆ భాషలో నాతో కూడా అప్పుడప్పుడు మాట్లాడవోయ్," అన్నాడొకసారి.

"మీకేం అర్థమవుతుందని?"

"అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ గొంతు చాలు."

ఇంకో సంగతి బావ తర్వాత చెప్పాడు. వాళ్ళమ్మ రైల్వే యార్డులో పనిచేసి రిటైరైంది. బండ్ల చప్పుడులో కూతపెట్టి కూతపెట్టి ఆవిడ గొంతూ అలాంటిదేనట, తత్వమూ అంతేనట. వాళ్ళ వీధిలో ఆవిడతో మాటకి మాట అనడానికి ఎవరూ సాహసించరట. కానీ పెద్దమ్మకి అర్థం కావాలంటే చిన్నచిన్న మాటలు, నెమ్మదిగా మాట్లాడాలి కాబట్టి ఆవిడా పిల్లిలా మాట్లాడుతోంది. "మా అమ్మ ఇలా మాట్లాడటం నేను పుట్టి ఎరగను," అన్నాడు. ఇద్దరు వియ్యపురాళ్ళకీ ఒకరంటే ఒకరికి చాలా గౌరవం ఏర్పడింది. అంత మంచి మనిషిని తామెప్పుడూ చూడలేదని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

ఇంతలో అక్కకి నెలలు నిండవస్తున్నాయి. పురిటికి రష్యన్ వియ్యపురాలు వచ్చి కొన్నాళ్ళు ఉంటానంది. అదే సమయానికి, పెద్దమ్మ బాగా చదువుతోందనీ పై తరగతికి పంపిస్తాననీ టీచరుగారు అన్నారు. ఆ పై తరగతిలో ఏం చెప్తారని నేను ఊరికే అడిగాను. వాదించడం, వ్యంగ్యం, జాతీయాలు, ఎదుటివాళ్ళ మాటని తిప్పికొట్టడం అన్నారావిడ ఉత్సాహంగా. ఇంటికొచ్చి చెప్తే పెద్దనాన్న తాగుతున్న టీ కింద పెట్టేశాడు. ఇద్దరు అమ్మలూ ఒకే కప్పు కింద, మధ్యలో పసిబిడ్డ, పైగా పెద్దమ్మ చేతికి అందివచ్చిన వ్యంగ్యం. ఒకసారి కొడుకు ఇల్లు దూరమైంది. ఈసారి కూతురి ఇల్లు కూడా దూరమైతే ఆవిడ తట్టుకోలేదు. ఆ మాట పెద్దనాన్న పైకే అన్నాడు. ఆయన అలాంటి మాటలు పైకి అనే మనిషి కాడు.

మర్నాడు ఆయనా నేనూ ఆవిడకి చెప్పకుండా టీచరుగారి దగ్గరికి వెళ్ళాం. పెద్దనాన్న చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి, "మా ఆవిణ్ణి ఆ తరగతిలోనే ఉంచెయ్యండమ్మా. పైకి పంపకండి. కావాలంటే పరీక్షలో తప్పించండి," అన్నాడు.

టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీకన్నా ముందే ఆవిడ వచ్చి ఇదే మాట అడిగారండీ," అన్నారు.

పెద్దనాన్న ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"నాకింతే చాలు, ఇంతకన్నా వస్తే మళ్ళీ నోరు జారతాను, అన్నారు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను గానీ నాకు ఇంతకన్నా నేర్పొద్దని అడిగినవాళ్ళు ఎవరూ లేరు," అన్నారావిడ.

మెట్లు దిగుతుంటే పెద్దనాన్న గోడ పట్టుకుని ఒకచోట ఆగిపోయాడు. నాకు సిగ్గేసింది. ఆవిడ తన నోటికి తనే జడుస్తోందనీ, ఆ భయాన్ని ఒక్కతే మోస్తోందనీ ఇంట్లో ఒక్కరమూ గ్రహించలేదు. ఆవిడకి కోపం తప్ప ఏమీ లేదనుకున్నాం. ఇంటికొచ్చాక ఇద్దరం ఏమీ ఎరగనట్టే ఉన్నాం. ఆవిడా ఏమీ ఎరగనట్టే మమ్మల్ని కేకలేసింది.

అక్కకి మగపిల్లాడు పుట్టాడు. స్వాత్యా వచ్చింది, ఎత్తుగా, భుజాలు వెడల్పుగా, రెండు పెట్టెలతో. పెద్దమ్మ పని అవగానే రోజూ అక్క వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళేది. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. ఇద్దరూ "మీరు కూర్చోండి", "లేదు, దయచేసి మీరు కూర్చోండి" అని ఒకే కుర్చీ దగ్గర నిలబడిపోయేవాళ్ళు. అక్క నవ్వాపుకోలేక, కుట్లు నొప్పి పెడుతున్నాయి ఇక ఆపమని బతిమాలేది.

అప్పుడు వచ్చింది ఆ రోజు. బయట ఎముకలు కొరికే చలి. డ్యూటీ దిగి నేనూ పెద్దమ్మా కలిసే వెళ్ళాం. అక్క నిద్రపోతోంది. బావ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. పెద్దమ్మ చేతులు కడుక్కుని, ఒంటి చలి పోయేదాకా ఆగి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. ఉయ్యాల ఖాళీగా ఉంది.

బాల్కనీ తలుపు అద్దంలోంచి నాకు ముందు కనిపించింది. బయట చలిలో పిల్లల బండి. పిల్లాడు అందులో బోలెడు దుప్పట్ల మధ్య నిద్రపోతున్నాడు, ముక్కు కొస మాత్రం కనిపిస్తోంది. పక్కన స్వాత్యా కోటు వేసుకుని, బండిని మెల్లగా ఊపుతోంది. వాళ్ళ వైపు పిల్లల్ని చల్లగాలిలో నిద్రపుచ్చితే గట్టిపడతారని నమ్మకమట. అది అప్పుడు మాకేం తెలుసు?

పెద్దమ్మ తలుపు తోసుకుని వెళ్ళింది. ఆ ఫ్లాటులో ఆ గొంతు వినిపించడం అదే మొదటిసారి.

"పసిగుడ్డుని తీసుకొచ్చి చలిలో పడేస్తావా? నీకసలు పిల్లల్ని పెంచడం వచ్చా? నీ కొడుకు ఎలా బతికి బయటపడ్డాడో నాకిప్పుడు అర్థమవుతోంది!"

అదంతా మన భాషలో. స్వాత్యా కంగారుగా బండిని లోపలికి లాగింది. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మాటలు అర్థం కాలేదు, గొంతు మాత్రం బాగా అర్థమైంది. ఆవిడ ముఖం కూడా ఎర్రబడింది. రైల్వే యార్డు నిద్ర లేస్తోందని నాకు తెలిసిపోయింది. బావ సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

"చెప్పు బాబూ, మీ అమ్మకి నేనన్నది చెప్పు," అంది పెద్దమ్మ. "ఒక్క ముక్క వదలకుండా ఉన్నదున్నట్టు చెప్పు!"

బావ వాళ్ళమ్మని చూశాడు, పెద్దమ్మని చూశాడు. చేతుల నుంచి సబ్బునీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"నేను చెప్పను అత్తయ్యా," అన్నాడు. "ఆ మాట మా అమ్మతో అనడం నావల్ల కాదు. మీకు రష్యన్ వచ్చు కదా. అనాలనుకుంటే మీరే అనండి."

అక్క లేచి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. అచ్చం ఆనాటి వదినలాగే గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మ అది చూసింది. చూసినట్టు నాకు తెలిసింది, ఎందుకంటే ఆవిడ ముఖంలో రంగు పోయింది.

కోపం మాత్రం ఎక్కడికి పోతుంది? నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. నేను ఆవిణ్ణి చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, మాట దొరక్క తడుముకోవడం ఎన్నడూ చూడలేదు. విసరడానికి రాయి కోసం వెతుకుతోంది, ఆ భాషలో ఆవిడ దగ్గర ఒక్క రాయీ లేదు. అడవులున్నాయి, రవాణా సమస్యలున్నాయి, వేడినీళ్ళు రాని హోటలు గది ఉంది.

"పమోయెము," అంది చివరికి. నా అభిప్రాయంలో అని. ఆగి, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. బావ నా పక్కన నిలబడి, ఎవరూ అడగకుండానే, మెల్లగా మన భాషలో చెప్తూ పోయాడు.

"నా అభిప్రాయంలో బయట చలి. బాబు చిన్నవాడు. నాకు భయం. నేను వచ్చాను, బాబు లేడు. నాకు చాలా భయం వేసింది. నాకు ఇంకొక మనవరాలు ఉంది. ఆమె నా దగ్గరికి రాదు. నేను చెడ్డ మాట అన్నాను, అందుకని రాదు. ఇప్పుడు కూడా చెడ్డ మాట అన్నాను. మీకు అర్థం కాలేదు. అది మంచిది. క్షమించండి. నాకు భయం."

మ్న్యే స్త్రాష్న. ఆ ముక్క ఆవిడ అన్నిసార్లు అనడం వల్ల నాకూ వచ్చేసింది. నాకు భయంగా ఉందని. మన భాషలో ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎందుకు వినలేదంటే, మన భాషలో ఆవిడకి అంతకన్నా పదునైనవి బోలెడున్నాయి, ఎప్పుడూ అవే ముందు చేతికొస్తాయి.

స్వాత్యా నడుం మీది చేతులు తీసేసింది. ఆవిడ దగ్గర ఆ భాషలో కావలసినన్ని రాళ్ళున్నాయి, కానీ విసిరితే పెద్దమ్మకి అర్థం కాదు. అర్థం కావాలంటే చిన్న మాటలే వాడాలి. కుర్చీలో కూలబడి నెమ్మదిగా చెప్పింది. "నాకూ భయం. ఇది నా ఇల్లు కాదు. వంట మీకు తెలుసు, డాక్టర్లు మీకు తెలుసు, కోడలు మీ అమ్మాయి. నాకు ఇక్కడ ఏమీ తెలియదు. బాబుని గాలిలో నిద్రపుచ్చడం ఒక్కటే నాకు తెలుసు."

పెద్దమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరివీ పెద్ద గొంతులే కాబట్టి ఆ ఏడుపుకి పిల్లాడు లేచి వాళ్ళని మించి అందుకున్నాడు. అక్క గోడ వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అందరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది ఆ గదిలో. తర్వాత ఒప్పందం కుదిరింది. రోజూ కాసేపు కిటికీ జానెడు తెరుస్తారు. ఆ కాసేపూ పిల్లాడు పెద్దమ్మ ఒళ్ళో, ఆవిడ చుట్టిన దుప్పట్లో ఉంటాడు. పక్కన కిటికీ రెక్క పట్టుకుని స్వాత్యా నిలబడుతుంది.

స్వాత్యా తిరిగి వెళ్ళిపోయిన తర్వాతి ఆదివారం, పెద్దమ్మ నాతో, "ఒకచోటికి వెళ్దాం రా," అంది. ఎక్కడికని అడగలేదు. ఊరికి ఆ కొసకి వెళ్ళే బస్సెక్కగానే తెలిసిపోయింది. దారిపొడుగునా ఏదో గొణుగుతూనే ఉంది. చెవి పెడితే రష్యన్.

"వాళ్ళకి రష్యన్ రాదు కదా పెద్దమ్మా?"

"మన మాటల్లో అనుకుంటుంటే మధ్యలో ముల్లొచ్చేస్తోందే. 'నేను తప్పు చేశాను, కానీ నువ్వు మాత్రం తక్కువ తిన్నావా' అని వచ్చేస్తోంది. అందుకని ముందు దాంట్లో అనుకుని, తర్వాత దీంట్లోకి తెచ్చుకుంటున్నా. దాంట్లోనైతే నాకు ఆ 'కానీ' దాకా రాదు."

తలుపు తీసింది వదిన వాళ్ళమ్మే. పెద్దమ్మని చూసి తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

"వదినగారూ," అంది పెద్దమ్మ, పాఠం అప్పజెప్పినట్టు, ఆగి ఆగి. "నేను చెడ్డ మాట అన్నాను. అందరి ముందూ అన్నాను. మీ అమ్మాయికి బాధ కలిగింది. నాకు మనవరాల్ని చూడాలని ఉంది. మీరు తలుపేస్తారేమోనని భయంగా ఉంది."

"ఏంటలా మాట్లాడుతున్నారు? ఒంట్లో బాగాలేదా?" అందావిడ.

"బాగానే ఉందండీ."

అంతే, ఆవిడ అందుకుంది. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా, గుమ్మంలోనే, ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూసేలా. మా పెద్దమ్మని ఉతికి ఆరేసింది. ప్రతి మాటకీ పెద్దమ్మ దగ్గర జవాబుందని నాకు తెలుసు. దవడ కదలడం కూడా కనిపించింది. కానీ ఆవిడ నోటి నుంచి వచ్చినవి రెండే మాటలు, "నిజమే", "అవునండీ". అలా వింటూ నిలబడింది. అవతలి మనిషి అలిసిపోయింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎంతసేపలా నిలబడతారు, లోపలికి రండి," అంది విసుగ్గా.

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి టీ నీళ్ళు పెట్టిన చప్పుడు వినిపించింది.

మేం కూర్చున్నాక పిల్ల గదిలోంచి వచ్చింది. పెద్దమ్మ చివరిసారి చూసినప్పుడు పొత్తిగుడ్డల్లో ఉంది. ఇప్పుడు ముందు పళ్ళు రెండు ఊడి, మోకాలికి దెబ్బ తగిలించుకుని, అచ్చం పెద్దమ్మ నుదురుతో నిలబడి ఉంది. కాస్త దూరంలోనే ఆగి పరీక్షగా చూసింది.

"నువ్వేనా నాన్నమ్మవి?"

"నేనే తల్లీ."

"నీకు కోపమని రావట్లేదంట కదా. నేను పాపగా ఉన్నప్పుడు ఏడ్చానని నా మీద కోపమా?"

వదిన వాళ్ళమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. పిల్లకి ఎవరూ అలా చెప్పి ఉండరు. కోపమెందుకో ఎవరూ చెప్పకపోతే అది తనే ఏదో ఒక కారణం వెతుక్కుంది, తన తప్పే అనుకుంది.

పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఈసారి ముందు రష్యన్‌లో అనుకోవడానికి కూడా ఆవిడకి వ్యవధి లేదు.

"నీ మీద ఎప్పుడూ లేదు తల్లీ," అంది.

"మరి ఎవరి మీదైనా ఉందా?"

"ఉండేది. అయిపోయింది."

"సరే అయితే," అని పిల్ల వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.